కొండ మీద కంచె కట్టండి, జనాన్ని మాత్రం పంపేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఫ్రాన్స్‌లో రోజుకో స్టేజ్ చొప్పున మూడు వారాలు జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ గురించి మీ క్రీడా పేజీలో వేసిన వ్యాసంతో పాటు, మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీతో సైకిల్ లేకుండా కొండ మీదికి పరిగెడుతున్న క్రిస్ ఫ్రూమ్ ఫొటో కూడా వేశారు. కింద ‘వింత దృశ్యం’ అని రాశారు. ఆ రోజు టీవీలో లైవ్ చూసినవాణ్ణి నేను. నాకు వింతగా అనిపించలేదు, భయం వేసింది. అందుకే ఈ ఉత్తరం.

అది 2016 జూలై 14, ఫ్రాన్స్‌లో జాతీయ దినం, సెలవు రోజు. మోన్ వాంటూ శిఖరం మీద గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటుతుందని ముందురోజే ఫినిష్‌ను 6 కిలోమీటర్లు కిందికి, షాలే రెనార్ దగ్గరికి దించారు. పై రోడ్డు పొడవునా నిలబడాల్సిన జనమంతా కింద పోగయ్యారు. అక్కడ కంచె చాలలేదు. చివరికొచ్చేసరికి రోడ్డే కనబడలేదు. జనం అడ్డుపడి టీవీ మోటార్‌సైకిల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకే వస్తున్న సైక్లిస్టు రిచీ పోర్ట్ దాన్ని గుద్దుకున్నాడు, ఫ్రూమ్, మరో సైక్లిస్టు మోలెమా అతని మీద పడ్డారు. ఇంకో మోటార్‌సైకిల్ తగిలి ఫ్రూమ్ సైకిల్ పాడైపోయింది. వేరే సైకిల్ ఇవ్వాల్సిన టీమ్ కారు ఎక్కడో వెనక ఇరుక్కుంది. ఏం చెయ్యాలో తోచక అతను పరుగు మొదలుపెట్టాడు. సైకిల్ లేకుండా ఫినిష్ గీత దాటితే లెక్కలోకి రాదు, అయినా పరిగెత్తాడు.

చివరికి జడ్జీలు అతనికీ పోర్ట్‌కీ, ముందుగా లేచి వెళ్లిన మోలెమా టైమే ఇచ్చారు. లేకపోతే పసుపు జెర్సీ ఆ సాయంత్రం ఇంకో సైక్లిస్టు ఆడమ్ యేట్స్‌కి వెళ్లేది. నా దృష్టిలో ఆ తీర్పు న్యాయమైనదే. కానీ నెలల తరబడి సాధన చేసినవాళ్ల పోటీ ఒక గదిలో కూర్చున్న జడ్జీల చేతుల్లో తేలాల్సి రావడం బాధాకరం. ఆ రోజు స్టేజ్ గెలిచిన థామస్ డి గెంట్ పేరు ఎంతమందికి గుర్తుంది?

రెండేళ్లకే, 2018లో, ఆల్ప్ దుయెజ్ కొండ మీద విన్సెంజో నిబాలి పడిపోయాడు. 2014లో టూర్ గెలిచినవాడు. ఎవరిదో కెమెరా పట్టీ అతని సైకిల్‌కి చిక్కుకుందని తర్వాత తెలిసింది. లేచి, వెన్నెముకలో ఎముక విరిగిందని తెలియకుండానే గెలిచినవాడికి 13 సెకన్ల వెనక పైకి చేరాడు. మర్నాడు రేసులో లేడు.

అలాగని జనాన్ని రానివ్వకూడదనే వాళ్లతో నేను ఏకీభవించను. 2023లో పుయి ద డోమ్ కొండ మీద చివరి 4 కిలోమీటర్లలో ప్రేక్షకులను అనుమతించలేదు. రోడ్డు ఇరుకు, పైగా అది రక్షిత ప్రాంతం, కారణం ఉంది. 1975లో ఒక ప్రేక్షకుడు సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్‌ను కడుపులో గుద్దింది కూడా ఆ కొండ మీదే. అయినా మైకేల్ వుడ్స్ అంత కష్టపడి ముందున్నవాణ్ణి దాటి గెలుస్తుంటే చుట్టూ ఒక్క కేక లేదు. చూస్తుంటే మనసుకి వెలితిగా అనిపించింది. అరకు ఘాట్ రోడ్డు సైకిల్ మీద ఎక్కేటప్పుడు, దారిన పోయే లారీ క్లీనర్ ‘ఇంకొంచెమే అన్నా’ అని అరిస్తే కాళ్లకి ఎంత బలం వస్తుందో నాకు తెలుసు.

డబ్బు కట్టకుండా, పక్కింటివాళ్లలా ఛాంపియన్‌కి రెండడుగుల దూరంలో నిలబడగలిగే పెద్ద ఆట ఇంకేముంది? టికెట్ పెట్టొద్దు. పెద్ద కొండల మీద చివరి 5 కిలోమీటర్లయినా రెండు వైపులా కంచె వెయ్యాలి, ఫినిష్ మారితే కంచె కూడా దాంతో పాటే కదలాలి. ప్రేక్షకులు వెలిగించే పొగ బాంబులు ఆపాలి. రేసులో ముందున్న సైక్లిస్టుల ముందు నడిచే మోటార్‌సైకిళ్లు తగ్గించాలి, ఎందుకంటే వాంటూలో జనం ఆపింది మోటార్‌సైకిల్‌నే.

ఆ ఫొటో మళ్లీ వేసినప్పుడు దయచేసి దాని కింద ఆ ఆరు కిలోమీటర్ల సంగతి కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం