తల్లిని వరండాలో కూర్చోబెట్టకండి, లోపలికి పిలవండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం జరుగుతుంది, మర్నాడు జిల్లా పేజీలో ఫొటోలు పడతాయి. పిల్లల ఆటలపోటీలు, వినికిడి యంత్రాలు, మూడు చక్రాల బళ్లు. అవన్నీ కావలసినవే. ఆ ఫొటోల్లో పిల్లాడి భుజం మీద చెయ్యేసి వెనకాల ఒక అమ్మో అమ్మమ్మో నిలబడి ఉంటుంది కదండీ, ఆవిడకి ఏం కావాలో ఎవరూ అడగడం లేదు. దాని గురించే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైనా వేయండి.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా రెండోవాడు అయిదో తరగతి. మాటల్లో మంచి చురుకు, కొబ్బరి దింపు తీయించిన రోజున కాయలు లెక్కపెట్టడంలో వాళ్ల తాతకి వాడే తోడు. పుస్తకం తియ్యమంటే మాత్రం చెమటలు పట్టేస్తాయి. అక్షరాలు విడిగా చూపిస్తే చెప్తాడు, గుణింతం చేరి దాని కింద వత్తు కూడా వచ్చిందంటే అక్కడే ఆగిపోతాడు. 'చెట్టు' కాస్తా 'చెటు' అయిపోతుంది, నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా చూస్తాడు. దీన్ని స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ అంటారని, తెలివి తక్కువై వచ్చింది కాదని డాక్టరుగారు చెప్పేదాకా మాకు చెప్పినవాళ్లు లేరు. అంతకుముందు వాడు చదివిన ప్రైవేటు స్కూల్లో ప్రతి మీటింగుకీ ఒకటే మాట, "ఇంట్లో కూర్చోబెట్టి చదివించండమ్మా" అని. ఎలా కూర్చోబెట్టాలి, పది నిమిషాలా గంటా, తప్పు చదివితే అక్కడే ఆపాలా వదిలెయ్యాలా, ఏడిస్తే ఏం చెయ్యాలి, ఇవేవీ చెప్పరు. తల్లికి అన్నీ పుట్టుకతోనే తెలిసిపోతాయనుకుంటారు కాబోలు. ఇంటికొస్తే చుట్టాలు ఇంకో రకం, గ్రహణం నాడు బయట తిరిగావేమో, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో అని. తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, వాటిలో మావాడిదీ ఉంది, ఆటిజం కూడా ఉంది. పిల్లల్లో ఇలాంటి ఇబ్బందిని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన పద్ధతులతో సాయపడాల్సిన బాధ్యత స్కూలుదేనని ఆ చట్టం చెప్తుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే పిల్లల్ని పరీక్షించి చూడాలి, ప్రైవేటు స్కూళ్లయినా సరే. తేడా కనబడితే హెడ్మాస్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ చట్టం ఇచ్చిన సదుపాయాలే. ఇంత ఉన్నదని నాకు తెలిసింది స్కూల్లో కాదండి, భవిత కేంద్రం వరండాలో, నా పక్కన కూర్చున్న ఇంకో తల్లి చెప్తే.

ఆ వరండా గురించి మీ పాఠకులకి చెప్పాలి. భవిత కేంద్రాలంటే సమగ్ర శిక్షా అనే బడి చదువుల పథకం కింద మండలాల్లో నడిచే ప్రత్యేక అవసరాల పిల్లల సెంటర్లు. మేం పిల్లల్ని లోపలికి పంపి బయట కూర్చుంటాం. కొబ్బరి వలుపు పని మానుకుని వచ్చినావిడ ఉంటుంది, ఆ రోజు కూలి పోయినట్టే. గోదావరి లంక ఊళ్ల నుంచి పడవ దాటి ఆటో ఎక్కి వచ్చేవాళ్లుంటారు, వరద రోజుల్లో వాళ్లు ఇక కనిపించరు, నీళ్లు తీశాక వచ్చేసరికి పిల్లాడు నేర్చుకున్నది సగం మర్చిపోయుంటాడు. ఒక ముసలావిడ మనవరాలిని తెస్తుంది. పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, రాత్రిపూట వీడియో కాల్లో "ఇవాళ ఏం నేర్పారమ్మా" అని అడిగితే ఈవిడ ఏం చెప్పాలో తెలియక "బాగానే ఉంది" అంటుందట. కోనసీమలోనూ అటు పశ్చిమ గోదావరిలోనూ గల్ఫ్ వెళ్లిన తల్లులు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఇళ్లలో పిల్లల భారం మోసేది అమ్మమ్మలే, చదువు రాని అమ్మమ్మలు. ఏ అవగాహన సదస్సుకీ వాళ్లను పిలవరు.

ఆ వరండాలోనే అన్నీ తెలుస్తాయి. వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం శిబిరాల స్లాట్లు ఎప్పుడు తెరుస్తారు, ఏ వారం ఏ డాక్టరు ఉంటారు, ఆడపిల్లలకైతే నెలకు 200 రూపాయల చొప్పున ఏడాదిలో పది నెలలు స్టైపెండ్ ఉంటుందన్న సంగతి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకూ వైద్య ఖర్చులు వస్తాయన్న సంగతి, ఒకళ్లకి తెలిసింది ఇంకొకళ్లకి చెప్పుకుంటాం. పాలల్లో కలిపి తాగిస్తే మాటలొచ్చే పొడి ఫలానా ఊళ్లో ఇస్తారన్న కబురూ అక్కడే పుడుతుంది. వేలకు వేలు పోసి కొన్నవాళ్లని చూశాను. మంచీ చెడూ తేల్చి చెప్పేవాళ్లు లేనిచోట ఏ ఆశ చూపించినా తల్లి దానివైపు పరిగెత్తుతుంది, ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఒకసారి ఒక టీచరుగారు, ఆవిడ పేరు రాయను గానీ, మమ్మల్నందర్నీ లోపలికి పిలిచారు. "మీ పిల్లల్తో నేను గడిపేది కొద్దిసేపేనమ్మా, మిగతా రోజంతా మీ దగ్గరే ఉంటారు, నేను చేసేది చూసి వెళ్లండి" అన్నారు. పళ్లెంలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి మావాడి వేలు పట్టుకుని 'ట' రాయించారు, నోటితో ట అనిపించారు, తర్వాత దాని కింద వత్తు, మళ్లీ నోటితో ట్ట. కళ్లు, చెవులు, వేలు మూడూ ఒకే పని మీద ఉండాలి అన్నారు. ఒక రోజుకి ఒకే వత్తు, పది నిమిషాలు దాటకూడదు, బాగా వచ్చినప్పుడే ఆపెయ్యాలి, విసుగొచ్చేదాకా లాగకూడదు. పక్కన ఆటిజం ఉన్న పిల్ల, రోజూ బయల్దేరేటప్పుడు చెప్పులేసుకోనని నేలమీద పడి ఏడ్చేది. ఆ పిల్లకి అట్టముక్క మీద వరసగా బొమ్మలంటించారు, దువ్వెన, జడ, చెప్పులు, ఆటో. ఒక్కో పని అయ్యాక ఆ బొమ్మ తీసి డబ్బాలో వెయ్యాలి, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఆ పిల్లకి భయం తగ్గుతుంది అని అమ్మమ్మకి చెప్పారు. చదువు రాని ఆ ముసలావిడ ఆ అట్టముక్క ఇంటికి తీసుకెళ్లి అన్నం తినడానికీ, పడుకోవడానికీ తనే ఇంకో రెండు తయారు చేసుకుంది. పైసా ఖర్చు లేదు. మా ఇంట్లో రవ్వ పళ్లెం ఇప్పటికీ నడుస్తోంది, మావాడు కిరాణా కొట్టు బోర్డు కూడబలుక్కుని చదువుతున్నాడు, నెమ్మదిగానే, కానీ చదువుతున్నాడు.

ఆ టీచరుగారు బదిలీ అయి వెళ్లిపోయారు, మేం మళ్లీ వరండాలోకి వచ్చేశాం. ఇప్పుడున్నవాళ్లని నేను అనడం లేదు, ఒక్కరు అంతమంది రకరకాల పిల్లల్ని చూసుకోవాలి, మధ్యలో రిజిస్టర్లు, ఇళ్లకు వెళ్లి మంచంలో ఉన్న పిల్లలకు నేర్పడం, ఆన్‌లైన్ వివరాలు ఎక్కించడం. వాళ్లకి ఎలాగూ తీరిక ఉండదు కాబట్టి ఇది టీచరు మంచితనం మీద వదిలెయ్యకుండా టైంటేబుల్లో పెట్టాలని అడుగుతున్నాను. తల్లి ఎలాగూ ఆ పూట అక్కడే ఉంటుంది. ఆ పూటలో ఒక అరగంట తల్లికి కేటాయించండి, ఈ వారం ఇంట్లో చెయ్యాల్సింది ఒక్కటి, ఒక్కటే, చేసి చూపించి ఆమె చేత చేయించండి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున కాలు ఎలా చాపించాలో, ఎక్కడ పట్టుకోకూడదో తల్లి చేత్తోనే చేయించి, ఆమె ఫోన్లోనే వీడియో తీసివ్వండి. వరదొచ్చి పడవలు ఆగిపోయినా ఆ వీడియో ఉంటుంది, కువైట్‌లో ఉన్న తల్లికీ పంపుకోవచ్చు.

నెలకో ఆదివారం తండ్రుల్ని కూడా రమ్మనాలి. చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, డ్రైవర్లు, వాళ్లకి మిగతా రోజుల్లో కుదరదు. డాక్టరు నోటి నుంచి ఒక్కసారి వింటే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి, మా ఇంట్లో తగ్గాయి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా అందరికీ రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని టెన్షన్ ఒకటుంది, మా తర్వాత వీళ్లనెవరు చూస్తారని. మావాడు ఎలాగోలా బతుకుతాడు, నాకా నమ్మకం ఉంది. ఆ వరండాలో ఉన్న మిగతా తల్లుల్లో చాలామంది ఆ మాట అనలేరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, నిరామయ బీమా దగ్గర చెప్పిన ఆ నాలుగు రకాల వైకల్యాలు ఉన్నవాళ్లకి 18 ఏళ్లు నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ కలెక్టరు స్థాయిలో ఉంటుంది. అది పద్దెనిమిదేళ్లు దాటి ఆస్తి కాగితాల దగ్గరో బ్యాంకులోనో పని ఆగినప్పుడు తెలియడం కన్నా ముందే తెలిస్తే కుటుంబం ఒక దారి ఆలోచించుకుంటుంది. ఇలాంటివి చెప్పడానికి ఆ కమిటీ నుంచి మూడు నెలలకోసారి ఒక మనిషి భవిత కేంద్రానికి వచ్చి కూర్చున్నా చాలు.

జిల్లా విద్యాశాఖ అధికారులూ, సమగ్ర శిక్షా అధికారులూ మీ పేపరు చదువుతారు. కొత్త బిల్డింగు అడగడం లేదు. జూన్‌లో బడులు తెరిచేసరికి మండలాల భవిత కేంద్రాల్లో తల్లిదండ్రుల అరగంట ఏ రోజు, ఏ టైముకో గోడ మీద రాయించండి, పడవ టైము చూసి మరీ రాయించండి.

ఇట్లు,
ఒక తల్లి,
అంబాజీపేట మండలం, కోనసీమ