చిన్న సినిమాకు ఫస్ట్ షో ఇవ్వలేరా?

సంపాదకులకు,

నవల ఆధారంగా తీసిన చిన్న సినిమా ఒకటి ఈమధ్య కడపకు వచ్చింది. పదో తరగతి దాటి కాలేజీలో అడుగుపెట్టే కుర్రవాడి కథ. పేరున్న నటులెవరూ లేరు. ఊరంతటికీ ఒక్క థియేటర్లో, రోజుకు ఒక్క ఆట వేశారు, అదీ ఉదయం 11 గంటలకు. ఆ వేళకు ఆ వయసు పిల్లలు తరగతిలో ఉంటారు, వాళ్ళ తల్లిదండ్రులు పనుల్లో ఉంటారు. శుక్రవారం వచ్చిన సినిమా సోమవారానికి లేదు. జనం రాలేదన్నారు. రాగలిగిన వేళకు ఆట వేసి ఆ మాట అని ఉంటే ఒప్పుకునేవాళ్ళం.

2022 మార్చిలో టికెట్ ధరలపై ఇచ్చిన ఉత్తర్వులో రాష్ట్ర ప్రభుత్వం రోజుకు ఐదు ఆటలకు అనుమతిస్తూ ఒక షరతు పెట్టింది. 20 కోట్ల రూపాయల లోపు ఖర్చుతో తీసిన సినిమాకు ఉదయం 11 నుంచి రాత్రి 9 గంటల మధ్య ఒక ఆట కేటాయించాలి. ఐదో ఆట సంగతి అందరికీ బాగా గుర్తుంది, షరతు సంగతే ఎవరూ ఎత్తరు. ఎత్తినా లాభం తక్కువే. పదకొండు గంటల ఆట వేసి చేతులు దులుపుకోవచ్చు, నిబంధన పాటించినట్టే లెక్క. శని, ఆదివారాల్లోనైనా ఆ ఒక్క ఆట సాయంత్రం ఫస్ట్ షోగా పడేలా ఉత్తర్వును సవరించాలి. ఈలోగా, థియేటర్లకు లైసెన్సులిచ్చే అధికారి జాయింట్ కలెక్టరే కాబట్టి, మన జిల్లాలో ఏ థియేటర్ ఏ వేళను చిన్న సినిమాకు ఇస్తోందో ఆ కార్యాలయం బహిరంగంగా ప్రకటించాలి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? సీమ కుర్రవాడు తెరమీద ఎలా పెద్దవాడవుతాడో తెలుగువాళ్ళందరికీ తెలుసు. తండ్రిని నరుకుతారు. పిల్లవాడు పరుగెత్తుతాడు. ఆ చిన్న కాళ్ళు చూస్తుండగానే బూట్లు తొడుక్కున్న హీరో కాళ్ళయిపోతాయి. పదిహేనేళ్ళు గడిచిపోయినట్టే! ఆ పదిహేనేళ్ళలో వాడు ఏ బడిలో చదివాడు, వానలు ఎగ్గొట్టిన ఏడు వాళ్ళమ్మ ఏ నగ తాకట్టు పెట్టి ఫీజు కట్టింది, కువైట్‌లో ఉన్న నాన్న ఫోనులో ఏం చెప్పాడు, మొదటిసారి ఎవరిని చూసి మాట తడబడింది? ఇవన్నీ కావాలంటే నవలల్లో వెతుక్కోవలసిందే.

మన జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారి ‘కొండపొలం’ అలాంటి నవల. చదువుకున్నా ఉద్యోగం దొరకని యువకుడు కరువుకాలంలో గొర్రెల మందతో నల్లమలకు వెళ్ళి, పులి భయాన్ని దాటి తన మీద తనకు నమ్మకం తెచ్చుకుంటాడు. 2021లో క్రిష్ దాన్ని సినిమాగా తీశారు. పేరున్న దర్శకుడు, నటులు ఉన్నారు కాబట్టి అది థియేటర్ల దాకా రాగలిగింది. (చిత్రీకరణ మాత్రం వికారాబాద్ అడవుల్లో. మన కాపరులు నవ్వుకునే ఉంటారు.) ఆ అండ లేకుండా అలాంటి నవలను తెరకెక్కించే కొత్త దర్శకుడి గతేమిటి?

నవలను తెరకెక్కించడం మన జిల్లావాళ్ళకు కొత్త కాదు. పులివెందుల ప్రాంతంలో పుట్టిన దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు జార్జ్ ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’ ఆధారంగా 1955లో ‘బంగారు పాప’ అందించారు. దొరికిన పసిపిల్లను పెంచుతూ ఒక మొరటు మనిషి మారే కథ అది. ఎస్.వి. రంగారావు నటన కోసమైనా ఇప్పటి పిల్లలు చూడాలి. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు బి.ఎన్. రెడ్డి గారికే వచ్చింది.

థియేటర్ యజమానుల కష్టం నాకు తెలియక కాదు. ఖాళీ కుర్చీలకు ఏసీ వేయడం ఎవరికైనా నష్టమే. కానీ చిన్న నిర్మాత కష్టం అంతకన్నా ఎక్కువ. థియేటర్ అద్దె కట్టాలి, ఆపైన డిజిటల్ ప్రొజెక్షన్ రుసుము. ఆ రుసుము భారమైందని 2018 మార్చిలో నిర్మాతలు ప్రదర్శనలే ఆపేశారు. చూసేవాళ్ళు రాలేని వేళకు ఇంత డబ్బు పోసినవాడు రెండో సినిమా జోలికి వెళ్ళడు. ఓటీటీ ఉంది కదా అంటారు. థియేటర్లో ఎన్నాళ్ళు ఆడిందని వాళ్ళూ అడుగుతున్నారు మరి.

జాయింట్ కలెక్టర్ గారు థియేటర్ల యజమానులతో ఒక సమావేశం ఏర్పాటు చేస్తే జూనియర్ కాలేజీల తెలుగు అధ్యాపకులం కొందరం వస్తాం. సాయంత్రం ఆట ఇస్తామంటే ముందుగానే టికెట్లు కొని విద్యార్థులను తీసుకువచ్చే బాధ్యత మాది. నవలను ముందుగా తరగతిలో చదివించే పనీ మాదే.

తెలుగు అధ్యాపకుడు,
కడప