సోలార్ ఇంటికి ఏ ఫేజు ఇచ్చారో రాసి పెట్టండి

సంపాదకుడు గారికి,

పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మధ్యతరగతి డాబాల మీదికి సోలార్ పలకలు వేగంగా చేరుతున్నాయి. 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ చిన్న సాయం కాదు. కానీ ఎండ బాగా కాసే మధ్యాహ్నమే, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆగిపోతోందని వాపోయే ఇళ్లూ ఉన్నాయి. పలకల్లో లోపం లేకపోయినా ఇలా జరగవచ్చు. దీనికి ఒక ముఖ్య కారణం స్తంభం దగ్గరే ఉంటుంది: అక్కడి మూడు కరెంటు తీగల్లో, అంటే ఫేజుల్లో, ఇంటిని దేనికి కలిపారన్నదే అది.

ఇళ్లలో పెట్టే చిన్న ఇన్వర్టర్లు ఎక్కువగా సింగిల్ ఫేజువి. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ పూర్తిగా పనిచేస్తే 13 ఆంపియర్లు పంపుతుంది. అలాంటి పది ఇళ్లు ఒకే ఫేజు మీద ఉంటే 130 ఆంపియర్లు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక్కో ఫేజు మోయగలిగేదే సుమారు 133! మధ్యాహ్నం ఇళ్లలో వాడకం తక్కువ కనుక ఆ కరెంటులో చాలా భాగం, మూడు ఫేజులకూ ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ తీగ మీద పడుతుంది. ఆ ఫేజులో వోల్టేజీ పెరుగుతుంది, మిగతా రెండింటిలో తగ్గనూ వచ్చు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం వోల్టేజీ పది శాతం మించితే, అంటే 230 వోల్టులు ఉండాల్సింది 253 దాటితే, ఇన్వర్టర్ రెండు సెకన్లలో లైన్ నుంచి విడిపోవాలి. అది తన పని తాను సరిగ్గానే చేస్తోంది. నష్టపోయేది మాత్రం అప్పు చేసి పలకలు పెట్టించుకున్న కుటుంబం. అవే పది ఇళ్లను మూడు, మూడు, నాలుగుగా పంచితే న్యూట్రల్ మీద మిగిలేది దాదాపు 13 ఆంపియర్లే.

2024లో సవరించిన నియమాల వల్ల 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టే. జాప్యం తగ్గించిన మంచి నిర్ణయమిది, వెనక్కి తీసుకోకూడదు. అయితే ఏ ఫేజు అన్న ప్రశ్న అడిగే చోటే లేకుండా పోయింది. పైగా ఒక ఫేజు పోయిన రాత్రి లైన్‌మన్ సర్వీసు తీగను పక్క ఫేజుకు మారుస్తాడు. జనం అవస్థ చూసి చేసే పని అది, తప్పుపట్టలేం. ఆ మార్పు ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

జర్మనీలో ఒక ఇంటి సోలార్ వల్ల ఫేజుల మధ్య వచ్చే తేడాకు 4.6 కేవీఏ పరిమితి ఉంది. మన విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) అంత దూరం వెళ్లకపోయినా, ఇల్లు వాడుకున్న, లైన్‌కు పంపిన కరెంటును లెక్కించే నెట్ మీటరు బిగించే రోజునే ఆ సర్వీసు ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో దేని మీద ఉందో ట్రాన్స్‌ఫార్మర్ వారీగా నమోదు చేయాలి. ఫేజుల లోడు సాయంత్రం చూస్తే సరిపోదు, ఎండవేళ, తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో కొలవాలి. తేడా కనిపిస్తే కొన్ని సర్వీసులు మార్చాలి. త్రీ ఫేజు కనెక్షన్ ఉన్న ఇళ్లకు త్రీ ఫేజు ఇన్వర్టరే పెట్టమని గుత్తేదారులకు చెప్పాలి. ఇందులో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనే ఖర్చేమీ లేదు. వచ్చే వేసవిలోపే దీన్ని మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల డిస్కంలనూ కోరుతున్నాను.

– ఒక విద్యుత్ వినియోగదారుడు, గుంటూరు