పెనెట్రేషన్ టెస్ట్ పేరుతో స్కానర్ రిపోర్ట్ ఇచ్చినందుకు ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా కస్టమర్ పోర్టల్‌పై మీరు చేసినట్టు చెబుతున్న పెనెట్రేషన్ టెస్టింగ్, రీటెస్ట్ గురించి.

నమస్కారం.

దాడి చేసేవాళ్లలా ప్రయత్నించి మా పోర్టల్‌లో భద్రతా లోపాలు వెతికిపెట్టమని మీకు పని అప్పగించాం. మీరు రిపోర్ట్ ఇచ్చారు, మేం బిల్లు కట్టేశాం. తీరా ఆ రిపోర్ట్‌ను మా డెవలపర్లు పేజీ పేజీ చదివితే తేలిందేమిటంటే, అసలు టెస్ట్ జరగనే లేదు. లోపాలను దానంతటదే వెతికే స్కానర్ సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపి, అది ఇచ్చినదానికి మీ లోగో తగిలించి పంపారు.

ఊరికే అంటున్న మాట కాదిది. ఒప్పందం ప్రకారం మీకు రెండు కస్టమర్ ఖాతాలు, ఒక సిబ్బంది ఖాతా తెరిచి ఇచ్చాం. ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపిస్తున్నాయా, కస్టమర్‌గా వచ్చినవాళ్లు సిబ్బంది పేజీల్లోకి దూరగలరా అని చూడటానికే అవి. మా సర్వర్ లాగ్స్‌లో ఆ ఖాతాల్లో ఒక్కటి కూడా లాగిన్ అయిన జాడ లేదు. మీ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిన రిక్వెస్టులన్నీ ఒకే రాత్రి, సెకనుకు పదుల చొప్పున వచ్చాయి. గుమ్మం బయటే తిరిగి వెళ్లిపోయారు.

దాని ఫలితం మీ రిపోర్ట్ వచ్చాక మా కస్టమర్ ఒకరు ఫోన్ చేస్తే తెలిసింది. ఆయన తన బిల్లు తెరిచి, అడ్రస్ బార్‌లో బిల్లు నంబర్ చివరి అంకె మార్చారు. వేరొకరి బిల్లు, పేరు, ఫోన్ నంబర్‌తో సహా వచ్చేసింది! సర్వర్ 'లాగిన్ అయ్యారా' అని చూస్తోందే గానీ, 'ఈ బిల్లు వీళ్లదేనా' అని చూడటం లేదు. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 టాప్ 10 జాబితాలో మొదటి స్థానం ఈ కోవకు చెందిన లోపాలదే. వాటిని బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్ అంటారని మీకు మేం చెప్పాల్సిన పని లేదు. ఏ బిల్లు ఎవరిదో స్కానర్‌కి ఏం తెలుస్తుంది? పేజీ తెరుచుకుంటే దాని దృష్టిలో అంతా సవ్యమే. అందుకే కదా మనుషులతో టెస్ట్ చేయించుకునేది. బిల్లు పేజీనీ, అదే లోపమున్న పీడీఎఫ్ డౌన్‌లోడ్ లింకునీ మేమే సరిచేసుకున్నాం.

లేని లోపానికి మాత్రం మీరు పెద్ద పీట వేశారు. వెబ్ సర్వర్ వెర్షన్ పాతదంటూ పదికి 9.8 తీవ్రత స్కోరుతో 'క్రిటికల్' అని ఎర్ర రంగులో పెట్టారు. మా లినక్స్ పంపిణీలో భద్రతా సవరణలను పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతారు, పైకి కనిపించే వెర్షన్ నంబర్ మారదు. ఆ సర్వర్ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తెరిస్తే మీరు రాసిన సీవీఈ నంబర్ (లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పక్కనే అది సరిచేసినట్టు ఉంది. రుజువు ఏదని అడిగితే మీ ఇంజినీర్ చెప్పిన సమాధానం, "టూల్ చూపించింది సార్".

రీటెస్ట్ సంగతి ఇంకా విచిత్రం. సర్వర్ తన వెర్షన్ బయటికి చెప్పకుండా ఒక సెట్టింగ్ మార్చాం, అంతే. ప్యాకేజీని ముట్టుకోనే లేదు. మీ రెండో రిపోర్ట్‌లో ఆ క్రిటికల్ కాస్తా 'క్లోజ్డ్' అయిపోయింది. పైగా ఈ రెండు రిపోర్ట్‌లనూ పాస్‌వర్డ్ కూడా లేని పీడీఎఫ్‌గా, మీ సేల్స్ వాళ్లను కాపీలో పెట్టి మరీ మెయిల్ చేశారు. భద్రతా సంస్థ చేసే పనేనా ఇది?

మాకు కావాల్సింది ఇదీ. అనుభవమున్న టెస్టర్ మేమిచ్చిన ఖాతాలతో లాగిన్ అయి, అదనపు ఖర్చు లేకుండా టెస్ట్ మళ్లీ చేయాలి. ప్రతి లోపానికీ పంపిన రిక్వెస్ట్, వచ్చిన రెస్పాన్స్, మేం తిరిగి చేసి చూసుకునేలా స్టెప్స్ ఉండాలి. మేం సరిచేశాక రీటెస్ట్ కూడా అదే పద్ధతిలో జరగాలి. అది కుదరదంటే కట్టిన డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. ఏదైనా సరే, మా రిపోర్ట్‌లు మీ దగ్గర ఎవరెవరికి చేరాయో రాతపూర్వకంగా చెప్పి, అవసరం లేనివాళ్ల దగ్గరున్న కాపీలు తొలగించండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధన ప్రకారం ముందుకెళ్తాం. సర్వర్ లాగ్స్, ఛేంజ్‌లాగ్ కాపీ, మీ రెండు రిపోర్ట్‌లు జతచేశాం. వాటిని తెరిచే పాస్‌వర్డ్ ఫోన్‌లో చెబుతాం.

ఇట్లు,
ఐటీ విభాగం బాధ్యుడు