బీజాపూర్ రోడ్డుకు ఆదివారం గండం

సంపాదకుల వారికి,

హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు నాలుగు వరుసలైతే మా కష్టాలు తీరతాయని అందరూ అంటున్నారు. (‘అప్పా’ అంటే ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీ. అకాడమీ పేరు మారినా జంక్షన్ మాత్రం ఇంకా ‘అప్పా’నే.) రోడ్డు వెడల్పు చేయాలి, కాదనను. రోడ్డు పక్క మర్రిచెట్లు కొట్టొద్దన్న కేసుతోనే ఏళ్లు గడిచిపోయాయి. కానీ పని మొత్తం పూర్తయ్యేలోగా శని, ఆదివారాలు ఈ దారిని ఎలా నడపాలో ఎవరూ మాట్లాడరేం?

ఈ దారిలో చూడటానికి ఏం తక్కువ? గండిపేట చెరువు, చిలుకూరు బాలాజీ గుడి, మృగవని పార్కు, ఇంకా ముందుకు పోతే అనంతగిరి కొండలు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి తెచ్చిన 111 జీవో పుణ్యమా అని వాటి చుట్టూ కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు రాలేదు, పచ్చదనం మిగిలింది. ఆ పచ్చదనం కోసమే ఫాంహౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. 1908 వరదల తర్వాత గండిపేట కట్టింది అనంతగిరిలో పుట్టిన మూసీ మీదే. వారమంతా నీళ్లు అటు నుంచి ఇటు వస్తాయి, ఆదివారం కార్లు ఇటు నుంచి అటు పోతాయి.

ఆ కార్ల వెనకే తాండూరు, వికారాబాద్, పరిగి బస్సులు. గత నెల ఒక ఆదివారం సాయంత్రం వికారాబాద్ నుంచి వస్తూ చిలుకూరు మలుపు దాటడానికే ముప్పావుగంట నిలబడ్డాను. బాలాజీకి కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేసేవాళ్లకు ఓపిక ఎక్కువే. బస్సులో పసిపిల్లతో నిలబడ్డ తల్లికి ఆ మొక్కు లేదు కదా.

జామ్ ఒక్కటే అయితే ఓర్చుకుందుము. ఇదే రెండు వరుసల మీద తాండూరు నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు. 2025 నవంబరు 3న మా మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. బస్సులోకి కంకర కుమ్మరించినట్టు పడింది. అప్పటి నుంచి ఎదురుగా టిప్పర్ కనిపిస్తే బస్సులో మాటలు ఆగిపోతాయి.

హైదరాబాద్‌లో భారీ వాహనాలకు వేళలున్నాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా పగటిపూట ఆ నిబంధనను చేవెళ్ల వరకు పొడిగిస్తే ఎవరికి నష్టం? రాత్రి నడుపుకోవచ్చు. చిలుకూరుకు, అనంతగిరికి వచ్చేవాళ్ల కోసం అప్పా జంక్షన్ దగ్గరే కార్లు ఆపుకునే చోటు చూపించి, అక్కడి నుంచి పావుగంటకో ఆర్టీసీ బస్సు నడిపితే చాలామంది ఎక్కుతారు. మెహిదీపట్నం నుంచి సిటీ బస్సులున్న మాట నిజమే, అవీ ఈ జామ్‌లోనే చిక్కుకుంటున్నాయి.

మర్రిచెట్ల గురించి ఒక్క మాట. నగరం నుంచి వచ్చేవాళ్లు ఫొటోలు దిగడానికి వాటి కిందే, రోడ్డు అంచునే కారు ఆపుతారు. వెనక వచ్చే బస్సు పక్కకు తప్పుకోవాలంటే ఎదురుగా టిప్పర్, తప్పుకోకపోతే ముందు ఫొటో దిగుతున్న కుటుంబం. కార్లు ఆగకుండా అక్కడ ఇద్దరు పోలీసులను నిలబెట్టడానికి, చెట్లకు రిఫ్లెక్టర్లు కొట్టడానికి నాలుగు వరుసల రోడ్డు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. ఈ శుక్రవారమే మొదలుపెట్టవచ్చు.

- ఒక పాఠకుడు, చేవెళ్ల