ఈగను ఊదిన అక్కకి

ఎడమ చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. కుడి కాలర్ బోన్ విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. తల బాగానే ఉంది. బైక్ మీంచి పడి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఫోన్ చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మలుపులో కంకర. రోడ్డు పనయ్యాక ఊడ్చకుండా వదిలేశారు. స్పీడ్ లేదు కానీ, బండి వంచి ఉండగా ముందు బ్రేక్ పట్టాను, అది నా తప్పే. చక్రం జారింది. తర్వాత గుర్తున్నది ఆకాశం, హెల్మెట్‌లో నా ఊపిరి చప్పుడు.

జనం మూగారు. మంచి మనసుతోనే ఒకాయన హెల్మెట్ లాగేయబోయాడు. "ఆగండి! ఊపిరి ఆడుతోంది కదా, తియ్యక్కర్లేదు" అని ఒకావిడ అరిచింది. మెడకి దెబ్బ తగిలి ఉంటే ఆ లాగడంతోనే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చట. తియ్యాల్సే వస్తే ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు నెమ్మదిగా తియ్యాలి. ఇదంతా తర్వాత డాక్టర్ చెబితే తెలిసింది.

ఆవిడ నా తల వెనక రోడ్డు మీదే మోకాళ్ళేసుకుని, రెండు చేతులతో హెల్మెట్‌ని అటూ ఇటూ పట్టుకుంది. "తమ్ముడూ, తలాడించకు. అవునో కాదో నోటితో చెప్పు" అంది. అంబులెన్స్ వచ్చేదాకా, దాదాపు నలభై నిమిషాలు, ఆ చేతులు తియ్యలేదు.

మధ్యలో ఒక ఈగ నా ముక్కు మీద వాలింది. నా చెయ్యి లేవదు, ఆవిడ చేతులు ఖాళీ లేవు. ముందుకు వంగి ఉఫ్‌మని ఊదింది. పోయింది, మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఊదింది. "దీనికి నువ్వు బాగా నచ్చావు తమ్ముడూ" అంది. ఎముక విరిగితే ఏడవనివాణ్ణి, అక్కడ ఏడ్చేశా. కన్నీళ్ళు తుడిచే వీల్లేక వాటినీ ఊదింది.

మెడకి పట్టీ వేశాకే లేచింది. కాళ్ళు పట్టేసి, పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకుని లేచింది. పేరు అడగలేదు. అక్కా, ఇది నీ కంట పడితే చాలు.

నా భార్య, అమ్మ, అన్నయ్య... వాళ్ళకి వేరే చెప్పాలా.

హెల్మెట్‌కి పైన గీతలే, లోపలి థర్మోకోల్ లాంటి పొర మాత్రం నొక్కుకుపోయింది. ఇక అది పనికిరాదు. హెల్మెట్ పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం 42 శాతం, తలకి దెబ్బ తగిలే ప్రమాదం 69 శాతం తగ్గుతాయని 61 అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. ఎప్పుడో చదివిందే. ఇప్పుడు ఆ పొర మీద వేలు పెట్టి చూస్తున్నా.

కడుపు మండేది ఒకటుంది. యాక్సిడెంట్ రిపోర్టులో కారణం: 'వాహనదారుడి అజాగ్రత్త'. కంకర గురించి రాయమంటే, ఫారంలో ఆ గడి లేదన్నారు. నా బ్రేక్ నేను ఒప్పుకుంటా, కంకర ఎవరు ఒప్పుకోవాలి? 2021లో ప్రపంచంలో రోడ్ల మీద పోయిన 11.9 లక్షల మందిలో దాదాపు 30 శాతం మంది రెండు, మూడు చక్రాల మోటారు బండ్ల మీద వెళ్ళేవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అలాంటివి చదివి 'స్పీడ్‌గా పోతే అంతే మరి' అనుకునేవాణ్ణి. నా గడిలోనే సగం నిజం రాస్తే మిగతా గడుల్లో ఏం రాశారో. పడ్డ 30 రోజుల్లోపు పోతేనే రోడ్డు మరణం కింద లెక్కట, నాకింకా 21 ఉన్నాయని జోకేస్తే నా భార్య ఆ పూట మాట్లాడలేదు. నిన్న అన్నయ్య వెళ్ళి చూసొచ్చాడు, కంకర అలాగే ఉంది.

అయ్యో, మలుపుకి ముందు చొక్కా విప్పి ఊపుతూ బండ్లని ఆపిన కుర్రాడికి థ్యాంక్స్. లేకపోతే నా పక్కన ఇంకొకరు పడి ఉండేవారు. బండి తాళం తిప్పి ఇంజన్ కట్టేసినాయనకి. జాకెట్ కత్తిరించే ముందు "కొత్తదా?" అని బాధపడ్డ నర్సుకి. అంబులెన్స్ డ్రైవర్‌కి, ప్రతి గుంత దగ్గరా ముందే చెప్పాడు. ఇంకా ఎవరో నా కుడి కాలి షూ సంచిలో వేసి పంపారు. ఎవరో తెలీదు, అందింది.