కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఇంటి నంబర్లు మ్యాప్‌లోకెక్కిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది బోరు మోటారు మార్చాం, వీధిదీపాలు బాగుచేయించాం, బతుకమ్మ ఎప్పట్లాగే పార్కులో జరిగింది. జమాఖర్చుల కాగితం సమావేశంలో విడిగా ఇస్తాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను: మన ఇళ్ల చిరునామాల జాబితా.

వానాకాలంలో ఒక పెద్దాయనకు అర్ధరాత్రి ఛాతీనొప్పి వస్తే, అంబులెన్స్ నాలా అవతలి గల్లీలకు వెళ్లి తిరిగింది. ఆయన ఇప్పుడు క్షేమంగా ఉన్నారు. డ్రైవరును ఏమీ అనలేం. మన హైదరాబాద్ ఇంటి నంబరులో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. స్థలం పంచుకున్న కొద్దీ బై నంబర్లు చేరుతూ పోతాయి. పక్కింటి నంబరు మన నంబరు పక్కదే అవ్వాలని లేదు. కొత్తవాళ్లకు అది చీకట్లో ఎలా తెలుస్తుంది?

అందుకే ప్రతి ఇంటి నంబరునూ ఇంటర్నెట్ మ్యాప్‌లో ఎక్కించి, దాన్నుంచి జాబితా తీయాలనుకున్నాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 2004లో మొదలైన ఈ మ్యాప్‌లో ఎవరైనా వివరాలు చేర్చవచ్చు, దాని పేరు చెప్పి డేటాను దించుకోవచ్చు కూడా. గూగుల్ మ్యాప్స్ నుంచి అలా మూకుమ్మడిగా తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఆ మ్యాప్‌లోంచి కావాల్సిన వివరాలు వెతికి తీసే ఓవర్‌పాస్ టర్బో వెబ్‌సైటులో మన కాలనీ మీద డబ్బా గీసి, ఇంటి నంబరున్నవన్నీ ఇమ్మని అడిగాం. దాదాపు ఖాళీగా వచ్చింది. వచ్చిన కాసినీ నాలా అవతలివే. మనవాళ్లెవరూ నంబర్లు ఎక్కించనే లేదు మరి! అప్పుడు ఇళ్ల ఆకారాలను ఉపగ్రహ చిత్రం మీద గీశాం. ఈ పనికి బింగ్ చిత్రాలు వాడుకోవడానికి 2010 నుంచి అనుమతి ఉంది. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మన పిల్లలు, నిలబడ్డ చోటునుంచే ఆ మ్యాప్‌లో వివరాలు నింపే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ పట్టుకుని గేటుగేటుకూ తిరిగారు. మూడో లైను చివరింట్లో గోడ మీది నంబరు సున్నం కింద మునిగిపోయింది. గోరుతో గీకితే ఒక నంబరు, అమ్మమ్మగారు తెచ్చిన కరెంటు బిల్లులో ఇంకో నంబరు! చివరికి ఇంటి పన్ను రసీదు చూసి ఎక్కించాం.

రెండోసారి డబ్బాకు బదులు కాలనీ హద్దు మూలల అక్షాంశ రేఖాంశాలు వరుసగా ఇచ్చాం. మన కాలనీ నాలా వెంట వంకర తిరిగింది కాబట్టి డబ్బా సరిపోదు. అయినా సగం ఇళ్లు రాలేదు. మేం మ్యాప్‌లో ఒక్క చుక్కగా పెట్టినవాటినే అడిగాం, భవనాలుగా ఆకారం గీసినవి వేరే రకం. రెండూ అడిగి, భవనానికి మధ్య బిందువు కూడా ఇమ్మంటేనే జాబితా నిండింది.

ఇక ఎక్సెల్‌లో తెరిస్తే గుండె జారింది. 3-4-12 లాంటి నంబర్లన్నీ తేదీలైపోయాయి, ఇది 2012 ఏప్రిల్ 3 అయింది! బై నంబరున్నవి మాత్రం అలాగే ఉన్నాయి. ఫైలును నేరుగా తెరవకుండా డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. ఇదే పని చేయబోయే పక్క కాలనీలవాళ్లకు ముందుగా చెప్పండి, ఒక రోజు టెన్షన్ తప్పుతుంది.

పబ్లిక్ మ్యాప్‌లో ఇంటి నంబరు, వీధి పేరు, పిన్‌కోడ్ మాత్రమే ఉన్నాయి. పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించలేదు, ఎక్కించం కూడా. ఈ విషయంలో కమిటీలో ఒక్కరూ తేడాగా మాట్లాడలేదు, సంతోషం.

జాబితా ప్రింటు వాచ్‌మన్ గదిలో వేలాడుతోంది. అక్షాంశ రేఖాంశాలు చేతిలో ఉన్నాయి కాబట్టి, తపాలా శాఖ 2025లో తెచ్చిన పదక్షరాల డిజిపిన్‌ను (స్థలాన్ని బట్టి వచ్చే కోడ్) కూడా ప్రతి ఇంటికీ కలుపుతాం. ఐదో లైనులో తాళాలు వేసున్న కొన్ని ఇళ్లు మిగిలాయి. ఆ యజమానులు పన్ను రసీదులో నంబరున్న చోటు ఫొటో తీసి కార్యదర్శికి పంపండి. గేటు మీద నంబరు చెరిగిపోయినవాళ్లు చెబితే, సంఘం ఖర్చుతోనే పెయింటు వేయిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి